తీతువు పిల్ల కనిపిస్తే చేతికి తీసుకోవాలా, వదిలేయాలా?

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల నేల మీద గూడు పెట్టే పిట్టల్లో చాలావాటికి ఎండాకాలమే గుడ్ల కాలం. మాగాణిలో మొక్కజొన్న, జొన్న కోతలు, ఆ వెంటనే వేసవి దుక్కులు, వెంచర్లలో జేసీబీల చదును, కృష్ణలో ఇసుక తవ్వకం కూడా ఆ నెలల్లోనే జోరుగా సాగుతాయి. అందుకే ఎండలు ముదిరాయంటే ఎవరో ఒకరు అట్టపెట్టెలో పిట్టపిల్లను పెట్టుకుని వచ్చి "దీన్నేం చేయాలి?" అని అడుగుతూనే ఉంటారు. తెచ్చినవాళ్ల మనసులో ఉన్నది జాలే. అయితే అలా వచ్చే పిల్లల్లో చాలావాటికి తల్లీ తండ్రీ ఉంటాయి. మనిషి అక్కణ్నుంచి కదలకపోబట్టి అవి దగ్గరికి రాలేదు, అంతే.

ఏ పిల్ల నిజంగా దిక్కులేనిదో తేల్చుకోవడం ఈ పనిలో సగం. మిగతా సగం మన ఎండను లెక్కలోకి తీసుకోవడం. చలిదేశాల్లో రాసిన సలహాలన్నీ "ముందు వెచ్చగా ఉంచండి" అని మొదలవుతాయి. మే నెల మధ్యాహ్నం మన దగ్గర ఆ మాట గుడ్డిగా పాటిస్తే పిల్ల బతకదు.

కదలకుండా పడుకున్న పిల్ల జబ్బుపడ్డట్టు కాదు

మనకు ఎక్కువగా ఎదురయ్యేది తీతువు. కళ్ల ముందు ఎర్రటి తోలు ఉన్నది నీళ్ల దగ్గర, పొలాల్లో, ప్లాట్లలో ఉంటుంది. పసుపు తోలు ఉన్నది ఎండిన బీళ్లను ఇష్టపడుతుంది. గూడంటే చిన్న గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్లు, అంతకంటే ఏమీ ఉండదు. మామూలుగా 4 గుడ్లు పెడుతుంది. పిల్ల పైకి రావడానికి దాదాపు 4 వారాలు పడుతుంది. పుట్టిన కొద్ది గంటలకే, ఒళ్లు ఆరగానే, పిల్లలు గూడు వదిలి తల్లి వెంట నడుస్తాయి. ఆ తర్వాత గూటికి తిరిగి రావు. కాబట్టి గూటికి దూరంగా ఒంటరిగా పిల్ల కనబడినంత మాత్రాన అది తప్పిపోయిందని అనుకోకూడదు.

మనిషిని చూడగానే పెద్దపిట్ట గోల పెడుతుంది. తీతువు అరిస్తే కీడని ఊళ్లలో అంటారు గానీ, ఆ అరుపు పిల్లలకిచ్చే ఆజ్ఞ. అది వినగానే పిల్ల ఉన్నచోటే నేలకు కరుచుకుపోతుంది. మెడ చాపి, గడ్డం మట్టికి ఆనించి, కళ్లు తెరిచే ఉంచి, రాయిలా ఉండిపోతుంది. వీపు మీది మచ్చలు మట్టిలో కలిసిపోతాయి. వేలు పెట్టి తాకినా కదలకపోవచ్చు. "పాపం, లేవలేకపోతోంది" అని చూసినవాళ్లు చేతిలోకి తీసుకునేది సరిగ్గా ఈ క్షణంలోనే. నిజానికి అది ఆరోగ్యంగా ఉన్న పిల్ల చేసే పని. మనం వంద గజాలు వెనక్కి తగ్గితే కొన్ని నిమిషాల్లో పెద్దపిట్ట పిలుపు మారుతుంది, పిల్ల లేచి పరుగెడుతుంది.

అసలు దిక్కులేని పిల్ల తీరు దీనికి పూర్తిగా వేరు. దాక్కోదు. బయట, ఎండలో, అదేపనిగా కీచుమంటూ అటూ ఇటూ తిరుగుతుంది. ఇంకా ఆలస్యమైతే ఆ అరుపూ ఆగిపోతుంది. కళ్లు మూతలు పడతాయి, తల వాలుతుంది, రెక్కలు జారతాయి. ఒంటి మీద చీమలు పాకుతున్నా, గాయం దగ్గర ఈగలు గుడ్లు పెట్టినా, పక్కనే పెద్దపిట్ట చచ్చిపడి ఉన్నా, కుక్క గానీ పిల్లి గానీ నోట కరిచినా ఆలోచించక్కర్లేదు, తీయాల్సిందే. పిల్లి కరిచిన గాయం పైకి గీతంతే కనిపించినా లోపల సూక్ష్మజీవులు చేరి ఒకటి రెండు రోజుల్లో చంపేస్తాయి. అలాంటిదాన్ని అదే రోజు పశువైద్యుడికి చూపించి యాంటీబయాటిక్ ఇప్పించాలి.

అనుమానంగా ఉంటే దూరం నుంచి చూడండి. కనీసం 50 మీటర్లు, వీలైతే ఇంకా ఎక్కువ. కారులోంచో చెట్టుచాటు నుంచో చూడటం మేలు. ఉదయం, సాయంత్రం గంట, రెండు గంటలు ఆగవచ్చు. పగలు 11 దాటాక అంతసేపు ఆగితే ఎండకే పిల్ల పోతుంది. అప్పుడు పిల్లను దొరికిన చోటనే నీడకు చేర్చాలి. ఒక బంగాళాపెంకును రెండు రాళ్ల మీద, రెండువైపులా గాలి ఆడేలా వాలుగా నిలబెట్టి దాని కింద ఉంచితే చాలు. గొడుగులు, రంగు గుడ్డలు వద్దు, వాటికి పెద్దపిట్ట బెదురుతుంది. కుక్కల్ని, చిన్నపిల్లల్ని, ఫోన్‌తో వీడియో తీసేవాళ్లను అక్కణ్నుంచి పంపించేయాలి. చాలాసార్లు ఈ ఒక్క పనితోనే కథ సుఖాంతమవుతుంది.

మనిషి చేయి తగిలిన పిల్లను తల్లి దగ్గరికి రానివ్వదన్న మాట నిజం కాదు. ఈ పిట్టలు తమ పిల్లల్ని గుర్తుపట్టేది గొంతుతో, చూపుతో. నిన్న పొద్దున తెచ్చిన పిల్లనైనా ఈరోజు అదే చోటుకు తీసుకెళ్లి, పెద్దపిట్టలు అక్కడే అరుస్తూ తిరుగుతుంటే, వదలవచ్చు. కాకపోతే తెలియని మరో తీతువు కుటుంబంలో కలిపేయడం ప్రమాదం. పరాయి పిల్లను అవి పొడిచి తరిమే అవకాశం ఎక్కువ.

డాబాల మీది గూళ్ల సంగతి ఒకటి విడిగా చెప్పాలి. గులక పరిచిన చదునైన డాబా తీతువుకు బీడునేలలాగే కనిపిస్తుంది, అక్కడ గుడ్లు పెడుతుంది. పిల్లలు పుట్టాక చుట్టూ పిట్టగోడ ఉండటంతో దిగలేవు. తీతువు పిల్లలకు తల్లి మేత తెచ్చి పెట్టదు. మేత ఉన్నచోటుకు నడిపించుకుపోతుంది. అందువల్ల డాబా మీద ఇరుక్కున్న పిల్లలు ఒకటి రెండు రోజుల్లో ఆకలితో, వేడితో పోతాయి. అన్నిటినీ ఒకేసారి, పొద్దున్నే, పైన గాలి రంధ్రాలున్న పెట్టెలో పెట్టి, పెద్దపిట్టలకు వాటి అరుపు వినబడేలా మెల్లగా కిందికి దించి, దగ్గరలోని ఖాళీ నేల మీద విడిచి దూరం జరగాలి. ఇంటికి తెచ్చి పెంచడం కాదు చేయాల్సింది.

గుడ్డు ఉడికిపోయే నేల

పొదిగే గుడ్డుకు కావాల్సిన వేడి 37.5 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. 41 దాటితే లోపలి పిండం దెబ్బతింటుంది. రోహిణి కార్తెలో మన దగ్గర నీడలోనే అంత ఉంటుంది, ఎండలో ఇసుక, గులక అంతకంటే ఎంతో ఎక్కువ కాలతాయి. కాబట్టి పగటిపూట తీతువు గుడ్ల మీద కూర్చునేది వెచ్చబెట్టడానికి కాదు, చల్లగా ఉంచడానికి. నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్లకు తడి అద్దుతుంది. ఫొటో కోసమో, కుతూహలం కొద్దీనో మధ్యాహ్నం పూట గూటి పక్కన పావుగంట నిలబడితే, పిట్టను కొట్టకుండా, గుడ్డును తాకకుండానే గూడు మొత్తం పోగొట్టవచ్చు. పైగా మనిషి ఎక్కడ ఆగి వంగి చూశాడో కాకులు గమనిస్తాయి.

పని ఆపలేని చోట గూడు ఉంటే దాన్ని ఒక్కసారిగా ఎత్తి దూరంగా పెట్టకూడదు. గుంటను, రాళ్లను అలాగే తిరిగి అమర్చుతూ మీటరు చొప్పున జరిపి, పిట్ట వచ్చి కూర్చున్నాకే మళ్లీ జరపాలి. కెనడాలోని ఒట్టావాలో 2018లో ఒక సంగీతోత్సవ వేదిక దగ్గర తీతువు జాతికి దగ్గరి బంధువైన కిల్‌డీర్ గూటిని ఇలాగే కొంచెం కొంచెంగా జరిపారు, పిల్లలు పుట్టాయి. ఇక్కడ ఆ పని అటవీశాఖ అనుమతి లేకుండా చేయకూడదు. గూడు చెరపడం, గుడ్లు తీయడం చట్టం దృష్టిలో వేటే.

ఎవరికి వారు తినేవి, నోట్లో పెట్టాల్సినవి

నేల మీద పుట్టిందంటే అన్నీ ఒకే రకం అనుకోవడం వల్ల ఎన్నో పిల్లలు పోతున్నాయి. పెంపకం అంతా ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

కౌజులు, పూరేళ్లు, నెమళ్లు, తీతువులు పుట్టుకతోనే కళ్లు తెరిచి, నూగుతో, నడుస్తూ వస్తాయి. వాటంతట అవే ఏరుకు తింటాయి. తల్లి ఇచ్చేది వేడి, నీడ, కాపలా, దారి. వీటి నోరు తెరిచి మేత కుక్కకూడదు. కృష్ణ ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టే టెర్న్‌లు (చేపలు పట్టే నదిపిట్టలు), ప్రాటిన్‌కోల్‌లు (ఎగురుతూ పురుగులు పట్టే చిన్న పిట్టలు), కొండల అంచున ఆకుల మీదే గుడ్లు పెట్టే నైట్‌జార్లు (రాత్రిపూట తిరిగే పిట్టలు) మధ్యరకం. పిల్ల నూగుతో పుడుతుంది, కొంచెం నడుస్తుంది, కానీ మేత మాత్రం పెద్దపిట్టే తెచ్చి పెట్టాలి. ఎదురుగా ఎన్ని పురుగులు పోసినా ప్రాటిన్‌కోల్ పిల్ల మొదటి రోజుల్లో ఆకలితోనే ఉంటుంది. ఇక బీళ్లలో గడ్డి దుబ్బుల మొదట్లో గూడు కట్టే భరతపక్షుల పిల్లలు కళ్లు మూసుకుని, ఈకల్లేకుండా పుడతాయి. వాటికి పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా 20, 30 నిమిషాలకోసారి నోటికి అందించాలి. అంత ఓపిక, తీరిక లేకపోతే ఆ పిల్లను తీసుకోకపోవడమే న్యాయం.

మొదటి కొన్ని గంటలు

నీడ, చీకటి, నిశ్శబ్దం. పిల్లను పట్టేటప్పుడు తరమకూడదు. పొడుగు కాళ్ల పిట్టల్ని తరిమి పట్టుకుంటే భయానికి, అలసటకు కండరాలు దెబ్బతిని, ఒకటి రెండు రోజుల తర్వాత కాళ్లు పడిపోయి చచ్చిపోతాయి. పలుచటి నూలుగుడ్డను పిల్ల మీద కప్పి, రెండు చేతుల్తో ఒకేసారి తీయాలి.

నోరు తెరిచి నీళ్లు పోయొద్దు. పిట్టలకు గాలిగొట్టం రంధ్రం నాలుక మొదట్లోనే ఉంటుంది. చెంచాతో పోసిన నీరు సూటిగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రుచి, రంగు లేని ఓఆర్‌ఎస్ పొడిని పొట్లం మీద రాసిన కొలత ప్రకారం కలిపి, వేలితో ముక్కు పక్కన ఒక్కో చుక్క అద్దితే అదే చప్పరిస్తుంది. ఒళ్లు కాలిపోతూ నోరు తెరిచి రొప్పుతుంటే ముందు కాళ్లను, రెక్కల కింద భాగాన్ని మామూలు నీళ్లతో తడపాలి. ఐసునీళ్లు వద్దు. ఒళ్లు చల్లబడిన పిల్లకైతే మేత కంటే ముందు వేడి కావాలి, చల్లగా ఉన్న పొట్టలో మేత అరగదు. పాలు, రొట్టె, అన్నం, బిస్కెట్టు ఏ పిల్లకూ పెట్టకూడదు. అప్పుడే పుట్టిన కౌజు, తీతువు పిల్లల పొట్టలో మిగిలిన పచ్చసొన ఒక రోజు, కొన్నిటికి రెండు రోజులు ఆదుకుంటుంది కాబట్టి మొదటి పూట తినలేదని కంగారుపడక్కర్లేదు.

ఈ గంటల్లోనే చేయాల్సిన మరో పని సమాచారం ఇవ్వడం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 సెక్షన్ 39 ప్రకారం అడవి పిట్ట ప్రభుత్వ ఆస్తి. చేతికి వచ్చిన 48 గంటల్లో దగ్గరలోని పోలీస్ స్టేషన్‌కు గానీ అధీకృత అటవీ అధికారికి గానీ తెలపాలి. నెమలి ఆ చట్టంలో అత్యధిక రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్‌లో (జాబితాలో) ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత కౌజు, పూరేడు వంటివి రెండో షెడ్యూల్‌లోకి వచ్చాయి. "పెంచుకుంటాం" అన్న మాటకు చోటు లేదు. ఇక్కడి నుంచి చెప్పేది అనుమతి ఉన్నవాళ్లు చేయాల్సిన పని, వాళ్లకు అప్పగించేదాకా మనం పాడు చేయకూడని పని. వైద్యం కావాలంటే గన్నవరంలో ప్రభుత్వ పశువైద్య కళాశాల ఉంది.

పెట్టె, బల్బు, నేల

రెండడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల ఎత్తున్న అట్టపెట్టె చాలు, పైన దోమతెర బిగించాలి. రెండు మూడు రోజుల పూరేడు పిల్ల కూడా మనం అనుకోనంత ఎత్తు గెంతుతుంది. ఒక మూల పైన 40 వాట్ల పాతకాలపు బల్బు. ఎల్‌ఈడీ బల్బు వేడినివ్వదు. థర్మామీటరు పిల్ల వీపు ఎత్తున పెట్టాలి, పెట్టె గోడకు కాదు. మొదటి వారం ఆ మూల 35 డిగ్రీలు, తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. రెండో మూల ఎప్పుడూ చల్లగా ఉండాలి, ఎటు పోవాలో పిల్లే తేల్చుకుంటుంది. బల్బు కింద గుమిగూడి కీచుమంటుంటే చలి. దూరంగా జరిగి రెక్కలు విప్పి రొప్పుతుంటే వేడి. మేలో గది లోపలే 36, 37 ఉన్న పగళ్లు బల్బు ఆర్పేయాలి. రాత్రి 29కి దిగినప్పుడు మాత్రం మూడు రోజుల పిల్లకు అది చలే. పగలంతా ఎండతో సతమతమైన మనకు ఆ సంగతి తట్టదు, తెల్లారేసరికి పిల్ల బిగుసుకుపోయి ఉంటుంది. కూలరు గాలి సూటిగా తగలకూడదు. కరెంటు పోతే గోరువెచ్చని నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పెట్టాలి.

అడుగున వార్తాపత్రిక వేయొద్దు. నున్నటి కాగితం మీద కాళ్లు చెరోవైపు జారి, రెండు మూడు రోజుల్లో తుంటి కీలు ఆ వంకరలోనే గట్టిపడుతుంది. కోడిపిల్లకైతే రెండు కాళ్లనూ మెత్తటి టేపుతో కలిపి సరిచేయవచ్చు. తీతువు లాంటి పొడుగు కాళ్ల పిల్ల ఆ కట్టుకే బెదిరి గింజుకుంటుంది. గోనెపట్టా వేస్తే దాని నార వేళ్లకు చుట్టుకుని రక్తం ఆపేస్తుంది. పోగులు లేవని పాత నూలుగుడ్డను ముడతల్లేకుండా బిగించి పరచడం మంచిది. మేత తినడం అలవాటయ్యాక తీతువులకు పొడి ఇసుక మార్చవచ్చు. ముందే ఇసుక పోస్తే ఆకలి మీద అదే మింగుతాయి. నీళ్లు సీసా మూతలో, గులకరాళ్లు నింపి పెట్టాలి. వేలెడు లోతు నీళ్లలో కూడా పూరేడు పిల్ల మునిగిపోతుంది.

మేత

కౌజు, పూరేడు, నెమలి పిల్లలకు మొదటి రెండు వారాలు దాదాపు పురుగులే ప్రాణం. మాంసకృత్తులు 24 నుంచి 28 శాతం ఉండాలి. కోళ్ల మేత దుకాణంలో దొరికే బ్రాయిలర్ ప్రీ-స్టార్టర్‌లో 22, 23 శాతం ఉంటుంది కనుక దాన్ని ఆవగింజంత నలిపి, ఉడికిన కోడిగుడ్డు పచ్చసొన పొడి, చెదపురుగులు కలిపితే సరిపోతుంది. మందు కలిపిన మేత వద్దు. కోళ్లకు రక్తపారుడు రాకుండా కలిపే కొన్ని మందులు వేరే జాతుల పిట్టలకు విషం. కోడిగుడ్డు ఈ ఎండకు గంటలో పాడవుతుంది, తీసేసి కొత్తది పెట్టాలి.

తీతువు పిల్ల కదలని మేతను మేతగానే గుర్తించదు. తడి ఇసుక పోసిన పళ్లెంలో చెదపుట్ట పెళ్ల విరిచి వేస్తే, పాకుతున్న పురుగును చూసి మొదటి ముక్కు వేస్తుంది. ఆ తర్వాత చిన్న వానపాములు, కీచురాళ్ల పిల్లలు. పుల్ల చివరతో మేతను కదిపి చూపడం ఒంటరి పిల్లకు బాగా పనిచేస్తుంది. గుంటూరు వైపు మిరప, పత్తి చేలలో మిడతలు పట్టుకొచ్చి పెట్టొద్దు. ఆ చేలకు కొట్టిన మందు మిడతతో పాటే పిల్ల కడుపులోకి పోతుంది. దున్నని బీడు, గడ్డి నేల, మందు కొట్టని పెరడు చూసుకోవాలి.

మీల్‌వర్మ్‌లు (పిట్టల మేతకు అమ్మే ఒక రకం పురుగు పిల్లలు), కీచురాళ్లలో సున్నం తక్కువ, భాస్వరం ఎక్కువ. అవే పెడుతూ పోతే రెండు మూడు వారాల్లో కాళ్లు విల్లులా వంగుతాయి. కాల్షియం కార్బొనేట్ పొడి పురుగుల మీద చల్లాలి. ఉదయం 8 లోపు, సగం నీడ ఉన్న తట్ట కింద పది, పదిహేను నిమిషాలు ఎండ చూపాలి. టెర్న్ పిల్లలకు దాని నోటికి పట్టేంత చిన్న తాజా చేపలు, మొద్దు చివరల పటకారుతో, తల ముందు పోయేలా అందించాలి. ఎండుచేప పెడితే ఉప్పుకే పోతుంది. రోజూ ఒకే వేళకు బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా మీద బరువు చూడాలి. పిల్ల చురుగ్గా కనిపిస్తూనే బరువు తగ్గుతుంటే, లోపల ఏదో తేడా జరుగుతున్నట్టే.

మచ్చిక, కోళ్లు

పుట్టిన మొదటి రోజుల్లో ఎవరు కనబడితే వారే తల్లి అని పిల్ల మెదడులో ముద్ర పడుతుంది. కాన్రాడ్ లోరెంజ్ 1930లలో బాతుజాతి పిల్లల మీద ఈ సంగతి వివరంగా చూపించాడు, 1973లో నోబెల్ అందుకున్నాడు. కౌజుకు ఈ ముద్ర మరణశాసనం. మన పల్లెల్లో మచ్చికైన కౌజును ఎరగా పెట్టి వలపన్నే పద్ధతి ఉంది. మనిషిని చూసి పారిపోని కౌజు బయటికి వెళ్లిన వారంలోనే వలలో ఉంటుంది. అందుకే పెట్టె ముందు మాటలు వద్దు, చేతిలో పెట్టుకుని ముద్దు చేయడం వద్దు. మేత పక్క కంత నుంచి వేయాలి. పెట్టెలో ఒక చిన్న అద్దం, తల్లి రెక్కలా కింద దూరడానికి వేలాడదీసిన ఈకల చీపురు ఉంటే ఒంటరి పిల్ల అరుపు మానుతుంది. అదే వయసు, అదే జాతి పిల్ల ఇంకొకటి ఉంటే అంతకు మించిన మందు లేదు.

పొదుగుడు కోడి కిందో, కోడిపిల్లల మధ్యో వేయడం పాత అలవాటు. కోడి బాగానే పొదువుకుంటుంది, కాదనలేం. కానీ కొక్కెర తెగులు, రక్తపారుడు, పేలు అక్కణ్నుంచే అంటుకుంటాయి, అదే పిల్లను వదిలితే రోగం బీళ్లలోకి పోతుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. అలాంటి రోజుల్లో కోళ్ల దగ్గర తిరిగిన చెప్పులతో పెట్టె దగ్గరికి రావడం కూడా తప్పే. మూకుమ్మడిగా చచ్చిన పిట్టలు కనిపిస్తే ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పాలి.

వదిలేటప్పుడు

మూడో వారం నుంచి పెట్టె చాలదు. కనీసం పదడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు పంజరం కావాలి. పైకప్పు ఇనుప జాలీ కాకుండా మెత్తటి వల ఉండాలి. కౌజు, పూరేడు బెదిరితే నిట్టనిలువుగా లేస్తాయి, గట్టి కప్పు అయితే నెత్తి చర్మం ఒలిచిపోతుంది. కౌజులకు లోపల గడ్డి దుబ్బులు, తుమ్మకంప, మట్టిస్నానానికి పొడి దుమ్ము కావాలి. తీతువులకు బయలు, తడి ఇసుక చాలు. సిమెంటు నేల మీద పెంచితే అరికాళ్లు పుండ్లవుతాయి.

తీతువు పిల్లకు రెక్క బలపడటానికి 40 రోజులు అటూఇటూ పడుతుంది. కౌజులు రెండు మూడు వారాలకే ఎగిరినా ఎనిమిది వారాల దాకా ఆగి, గుంపుగా వదలడం మంచిది. పంజరం ఒక చివర నుంచి మరో చివరకు ఆగకుండా ఎగరాలి, బతికున్న పురుగును తానే పట్టాలి, మనిషి కనబడగానే దాక్కోవాలి. మూడోది లేకపోతే మొదటి రెండూ ఉన్నా వదలకూడదు. వదిలే చోట అదే జాతి పిట్టలు ఉండాలి, ఊరకుక్కలు తక్కువ ఉండాలి. పంజరాన్నే అక్కడికి తీసుకెళ్లి కొన్ని రోజులు ఉంచి, ఒక తెల్లవారుజామున తలుపు తీసి పెట్టి, మేతా నీళ్లూ మరో వారం అక్కడే ఉంచాలి. వడగాడ్పుల రోజుల్లో వద్దు, తొలకరి పడ్డాక పురుగు పుష్కలంగా ఉంటుంది.

ఇంత శ్రమ తప్పే దారి పొలంలోనే ఉంది. కోత మిషను చేను అంచుల నుంచి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తే, కౌజులు, పూరేళ్లు పిల్లలతో సహా మధ్యలోకి జరిగి, చివరి సాలులో బ్లేడు కింద పడతాయి. అదే కోత మధ్యలో మొదలుపెట్టి బయటికి వస్తే గట్టు వైపు తప్పించుకుంటాయి. డీజిల్ అదనంగా అయ్యేది కొంచెమే. దుక్కిలో గూడు కనిపిస్తే చుట్టూ రెండు మీటర్లు వదిలి దున్నాలి, గుర్తు కర్రను గూటి పక్కన కాక పది మీటర్ల అవతల పాతాలి. తీతువు గుడ్లయితే ఆ చిన్న ముక్క నేలను వదలాల్సింది నాలుగు వారాలే.